కాసినో ఊళ్ళో రంజాన్

13 డిసెంబర్ 1999, సోమవారం, సిడ్నీ

తెలిసిపోయింది. హోటలూ లేదు, గీటలూ లేదు. కాసినో.

ఆరు నెలలుగా ఫోన్లో "హోబర్ట్‌ల పెద్ద హోటల్, కంప్యూటర్ పని" అంటూ వచ్చారు మా ఆయన ముఖ్తార్ గారు. ఆ హోటల్ కింది అంతస్తులో జూదం ఆడిస్తారనీ, ఈయన సరిచేసేది ఆ జూదం లెక్కలు నడిపే కంప్యూటర్లనేననీ ఇవాళ అన్నయ్య దుకాణానికి మినప్పప్పు కోసం వచ్చిన మనిషి చెప్పాడు. అతని బావమరిది ఆ ఊరు చూసొచ్చాడట. మీ ఆయన కూడా అక్కడేగా, కాసినోలో, అన్నాడు. రంజాన్ నెలలో, నలుగురి ముందు. నేను పప్పు తూచి ఇచ్చాను. చిల్లర తప్పిచ్చాను.

షట్టర్ దించాక ఇర్ఫాన్ అన్నయ్య తీర్పు చెప్పాడు. కొత్త సంవత్సరానికి ముఖ్తార్ ఆ పని మాని సిడ్నీ రావాలి. రాకపోతే నేనూ మా పిల్ల ఇక్రా ఈ ఇంట్లోనే ఉండిపోవాలి, ఆ మనిషి పేరు మళ్ళీ ఎత్తకూడదు. సరేనన్నాను. అన్నయ్య చెప్పకపోయినా నేను అనుకున్నదీ అదే. వెళ్ళి ముఖం మీద అడిగి, వస్తే తీసుకొస్తాను, లేకపోతే జనవరి మూడున మేమిద్దరమే తిరిగొస్తాం.

తెలుగులో రాసుకోవడం ఎంత హాయిగా ఉందో. బందరులో పిల్లలకు తెలుగు చెప్పినదాన్ని, ఇక్కడ పప్పులు తూస్తున్నాను. మా ఆయనకు తెలుగు మాట్లాడటమే గానీ అక్షరం రాదు, వరంగల్‌లో ఉర్దూ చదువు. పెళ్ళిలో నా బందరు ఉర్దూ విని వాళ్ళ అక్కలు పైట కొంగులు నోట్లో కుక్కుకున్నారు. ఆ రోజు నుంచీ ఆయనతో తెలుగే మాట్లాడుతున్నాను. నన్ను చూసి నవ్వే అవకాశం ఒకసారి కన్నా ఎక్కువ ఇవ్వను.

15 డిసెంబర్, బుధవారం

మూట కట్టాను. బియ్యం, కందిపప్పు, చింతపండు, సేమ్యా, ఖర్జూరాలు. పెరట్లో కరివేపాకు, పచ్చిమిరపకాయలు, నిమ్మకాయలు. కాసినో సొమ్ముతో కొన్న మెతుకు ఒక్కటి కూడా ముట్టేది లేదు.

అన్నయ్య దుకాణం పేరిట అచ్చు వేయించిన రంజాన్ కేలండర్ కూడా పెట్టుకున్నాను. ఒకపక్క తెల్లారకముందు తినే సెహ్రీ, సాయంత్రం ఉపవాసం విడిచే ఇఫ్తార్ వేళలు. ఇంకోపక్క సోనామసూరి బొమ్మ. అల్లా పేరు కన్నా దుకాణం పేరు పెద్దక్షరాల్లో ఉంది.

రెండు వేల సంవత్సరం తారీఖు అర్థంకాక ప్రపంచంలో కంప్యూటర్లన్నీ డిసెంబర్ ముప్పై ఒకటిన చచ్చిపోతాయని అన్నయ్య గ్యారేజీ నిండా నీళ్ళ డబ్బాలు పేర్చాడు. సగం అమ్ముకోవడానికే. అఫీఫా వదిన వాటి మధ్య నుంచి పక్కకు తిరిగి నడుస్తోంది.

16 డిసెంబర్, గురువారం, హోబర్ట్

దిగీ దిగగానే కుక్క. ఈ టాస్మేనియా దీవిలోకి బయటి ఆకూ కాయా రాకూడదట. ఊరు ఊరంతా బయటినుంచి వచ్చినవాళ్ళదే, కరివేపాకు మాత్రం రాకూడదు. ఆ కుక్క వందమందిని వదిలేసి నా సంచీ దగ్గరే కూర్చుంది. యూనిఫాం అమ్మాయి దాన్ని ముద్దు చేసి బిస్కెట్టు పెట్టి, నా కరివేపాకూ మిరపకాయలూ నిమ్మకాయలూ పసుప్పచ్చ డబ్బాలో పడేసింది. ఇక్రా ఆ కుక్కను చూసి "సో క్యూట్, అమ్మీ" అంది. ఎనిమిదేళ్ళ పిల్ల. తెలుగంతా అర్థమవుతుంది, నోటికి మాత్రం రాదు.

ఆయన వచ్చారు. చిక్కారు. నేను ఒక్క మాట మాట్లాడలేదు. టాక్సీలో ఇక్రానే మాట్లాడింది.

ఇల్లంటే రెండు గదులు, సౌత్ హోబర్ట్‌లో, కొండ కిందే. ఆ కొండ ఊరి నెత్తిన ఎక్కి కూర్చుంది. వంటింటి కిటికీలోంచి దాని పొట్ట తప్ప ఇంకేమీ కనపడదు. సాయంత్రం అలా చూస్తుండగానే సూర్యుడు దాని వెనక్కి పోయాడు, ఇల్లు చల్లబడిపోయింది. ఫ్రిజ్ మీద కేలండర్ అంటించాను. వేళ కాగానే నేను తెచ్చిన బియ్యంతో వండిన అన్నం, పప్పు వడ్డించి "రండి, టైమైంది" అన్నాను. రోజు మొత్తానికి నేనన్న మాట అదొక్కటే. ఆయన కిటికీ వైపు చూశారు, నా వైపు చూశారు, వచ్చి కూర్చున్నారు. ఖర్జూరం చేత్తో పట్టుకుని ఏదో పరీక్ష రాస్తున్నట్టు ఎంతసేపు ఆలోచించారో. తప్పు చేసినవాడికి ఖర్జూరం కూడా మింగుడుపడదు కాబోలు.

17 డిసెంబర్, శుక్రవారం

అడగలేదు. రేపు అడుగుతాను.

18 డిసెంబర్, శనివారం

సలమాంకా అని రేవు పక్కన ఒక వీధి. శనివారం సంత. రాతి గోదాముల వరస చూపించి ఆయన ఏదో తానే కట్టించినట్టు నిలబడ్డారు. ఒకప్పుడు తిమింగలాల నూనె నిలవ చేసేవాళ్ళట. ఇప్పుడు అందులో కాఫీ, సబ్బులు, చెక్క గరిటెలు. ప్రతి గోడకీ ఒక ఇత్తడి పలక, ప్రతి పలక మీదా "హెరిటేజ్".

ఒకప్పుడు దొరల ఓడలు ఆగిన రేవు బందరు మనిషికి కొత్తా? మా ఊళ్ళో డచ్చివాళ్ళ సమాధులు వీటికన్నా రెండింతలు పాతవి. వాటి మీద మేకలు పడుకునేవి, మేం పిడకలు కొట్టేవాళ్ళం. మూడొందల ఏళ్ళనాటి రాతికి మేం పేడ పూశాం, నూట యాభై ఏళ్ళ రాతికి వీళ్ళు ఇత్తడి తొడిగారు. ఇద్దరిలో ఎవరు తెలివైనవాళ్ళో నాకు తెలుసు, రాయను.

పనిలో ఆయన్ని అందరూ "మిక్" అంటారట. ముఖ్తార్ అనడానికి నోరు తిరగక. మిక్ గారు వంకాయలు కొన్నారు. నేను ముట్టలేదు.

19 డిసెంబర్, ఆదివారం

నేను సెహ్రీకి లేచేసరికి ఈయన అప్పటికే తినేసి నమాజు చాప మీద ఉంటున్నారు. రోజూ ఇంతే. చీకట్లో ఒక్కడే లేచి రొట్టె తిని పాలు తాగుతారట. నా చేతి అన్నం తినాలంటే సిగ్గు గాబోలు. మరి సాయంత్రం? ఇఫ్తార్ వేళకు ముందే ఇంటికొచ్చి కుర్చీలో సిద్ధం. తిండి దగ్గర మాత్రం మహా టైము.

20 డిసెంబర్, సోమవారం

ఆడఖైదీల జైలు చూశాం. మా ఇంటికి దగ్గరే, అదే కొండ నీడలో. ఇంగ్లండులో గుడ్డముక్కో రొట్టెముక్కో దొంగిలించిన ఆడవాళ్ళను ఓడలెక్కించి ఇక్కడ పడేసి బట్టలుతికించారట. మిగిలింది గోడలే. చూపించిన గైడమ్మ వాళ్ళ ముత్తవ్వ అమ్మమ్మ కూడా ఒక దొంగేనట. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ ముఖం వెలిగిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు కుళ్ళుకున్నారు కూడా, తమ వంశంలో దొంగలు లేనందుకు.

మా వైపు దొంగ మునిమనవరాలంటే గుమ్మంలోకి రానివ్వరు. ఇక్కడ టిక్కెట్టు పెట్టి చూపిస్తారు. రెండొందల ఏళ్ళు ఆగితే ఏదైనా గొప్పదనమే అవుతుంది కాబోలు. మా ఇక్రా మునిమనవరాలు కూడా ఒకరోజు ఇలాగే నిలబడి, మా ముత్తాత కాసినోలో పనిచేశాడు అని చెప్పుకుంటుందేమో.

ఈ వెక్కిరింత ఆయనతో అనాలనుకున్నాను. మేం మాట్లాడుకోవడం లేదని గుర్తొచ్చి మింగేశాను.

21 డిసెంబర్, మంగళవారం

చెప్పకుండా కాసినోకే వెళ్ళాను.

నది ఒడ్డున గుండ్రటి బురుజు. పైన పెళ్ళి విందులు, కింద జూదం. పిల్లను లోపలికి రానివ్వరు గనుక తలుపు దగ్గర నిలబడి చూశాను. పొద్దున పదకొండింటికి, బయట అంత ఎండ పెట్టుకుని, లోపల కిటికీ లేని చీకట్లో ముసలమ్మలు. ఒళ్ళో ప్లాస్టిక్ చెంబులు. మిషన్‌లో బిళ్ళ వేసి మీట నొక్కడం, వేసి నొక్కడం. ఒక్కరి ముఖంలోనూ నవ్వు లేదు. పాపం చేసినా సరదాగా చేస్తారనుకున్నాను. మా బందరు రేవులో బొమ్మాబొరుసూ ఆడేవాళ్ళయినా కేకలు పెట్టుకునేవాళ్ళు.

మిక్ భార్యనని చెబితే కౌంటర్ పిల్ల సంబరపడిపోయి ఫోన్ చేసింది. ఆయన వచ్చి మమ్మల్ని వెనక నది గట్టుకు తీసుకెళ్ళారు. ఇక్రా బాతుల దగ్గరికి పరుగెత్తింది. అప్పుడు అడిగాను, ఎందుకు దాచారని.

"చెప్తే రానిస్తుంటివా?" అన్నారు. తర్వాత, "సిడ్నీల నన్నెవడు పిలుస్తుండు హమీదా? అందరికి డాట్‌కామ్ పోరగాండ్లు గావాలె. నాకొచ్చింది కోబాల్, పాత కంప్యూటర్ల భాష. అది అడిగినోళ్ళు వీళ్ళే. నేనేం జూదమాడిస్తలేను, తారీఖులు దిద్దుతున్న."

జూదానికి తారీఖు దిద్దినా జూదమే అన్నాను. మూడో తేదీన నాతో వస్తారా రారా అని అడిగాను.

ఆయన నది వైపు చూస్తూ నిలబడ్డారు. జవాబు చెప్పడానికి మిషన్‌లో బిళ్ళ వేయాలేమో.

23 డిసెంబర్, గురువారం

ఉల్లిపాయలు వాడాను. ఆయన కొన్నవే. ఉల్లిపాయలు పాపం ఏం చేశాయి. ఇంటద్దె కూడా ఆ జీతంలోదే అంటే, గోడలు నేను తినడం లేదు కదా.

24 డిసెంబర్, శుక్రవారం

టమాటాలు కూడా. కుళ్ళిపోతే అది వేరే పాపం.

25 డిసెంబర్, శనివారం

నిన్నటి నుంచి నెలసరి, నాకు ఉపవాసం లేని రోజులు. అయినా వేళకు ఆయనకు పళ్ళెం పెట్టి ఎదురుగా కూర్చున్నాను. ఎవరూ లేకపోతే ఈ మనిషి సగం అన్నం వదిలేస్తాడు, నా బియ్యం దండగ.

క్రిస్మస్ అని ఊరు నిర్మానుష్యం. ఇక్రా బళ్ళో నేర్చుకున్న పాట పాడింది. ఆయన బల్ల మీద వేళ్ళతో తాళం వేశారు. నేను తింటున్నట్టు నటించాను. ఆడపడుచులు నవ్విన ఆ పెళ్ళిలో ఈయనొక్కడే నవ్వలేదన్న సంగతి ఎందుకో గుర్తొచ్చింది. రాయకుండా ఉండాల్సింది.

28 డిసెంబర్, మంగళవారం

సిడ్నీ నుంచి పడవల పందెం. తెరచాపలేసుకుని రెండు రోజులు వాంతులు చేసుకుంటూ వస్తారట, రెండు గంటల్లో దింపే విమానం ఉండగా. వాళ్ళను చూడటానికి ఊరంతా రేవులో చేరింది. చేరినవాళ్ళు ఊరికే ఉన్నారా? తింటున్నారు. గోదాము పొడుగునా కాల్చిన చేపలు, వేయించిన బంగాళాదుంపలు, మీగడ. వారం రోజులు తిండి పండగట. ఇవాళ్టి నుంచి మళ్ళీ ఉపవాసం నాకు, నడినెత్తిన ఎండ, ముక్కు మూసుకుని నడిచాను.

గుంపులో ఎవరో "మీరు తెలుగువాళ్ళా?" అన్నారు. విద్యావతి గారట, పెద్దాసుపత్రిలో డాక్టరు. తణుకు మనిషి. ఇరవై రెండేళ్ళ నుంచి ఇక్కడే. ఉపవాసమని చెబితే చేతిలోని చేపముక్క వెనక్కి దాచి క్షమాపణ చెప్పింది. ఎల్లుండి మా ఇంట్లోనే ఇఫ్తార్ అని పట్టుబట్టింది. బెలరీవ్‌లో ఇల్లట, నదికి అవతలి ఒడ్డు. ఒప్పుకున్నాను. కాసినో డబ్బు లేని తిండి ఒక్కపూటైనా దొరుకుతుందని.

ఆయన మాత్రం వద్దులే అన్నారు. పనుందట. నలుగురిలోకి రావడానికి ముఖం చెల్లదు, అంతే. నేను వదల్లేదు.

30 డిసెంబర్, గురువారం

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

విద్యావతి గారిది పెద్ద ఇల్లు, పడమటి గోడంతా అద్దం. ఆవిడ భర్త ద్వారకానాథ్ గారు రిటైరైన ఇంజనీరు, రేపు రాత్రికి స్నానాలతొట్టి నిండా నీళ్ళు పట్టుకోవాలా వద్దా అని మా ఆయన్ని అడుగుతూ కూర్చున్నారు. బల్ల మీద పులిహోర, బూరెలు, గారెలు, మధ్యలో వెండి గిన్నెలో ఖర్జూరాలు. మా కోసం వెతికి తెచ్చారట. నేను గడియారం చూశాను. ఎనిమిది దాటి, కేలండర్‌లో రాసిన నిమిషం వచ్చింది. బిస్మిల్లా అని ఖర్జూరం తీశాను.

ఆ ఖర్జూరం మీద ఎండ పడుతోంది. నా చేతి మీదా, పళ్ళేల మీదా, విద్యావతి గారి చీర మీదా ఎండే.

ఆవిడ నా చెయ్యి వైపు చూసి, చాలా మొహమాటంగా అన్నారు. "ఏమనుకోకండి హమీదా గారూ, నాకు తెలియక అడుగుతున్నాను. సూర్యుడు అస్తమించాకే కదా మీరు తినేది?"

తలెత్తి చూస్తే కొండకు ఎడమపక్కన, నదికి పైన, సూర్యుడు చక్కగా కూర్చుని ఉన్నాడు. ఎక్కడికీ పోయేలా లేడు. కేలండర్‌లో ఉందండీ అన్నాను. నా గొంతు నాకే వెర్రిగా వినిపించింది. ఆ కేలండర్ సిడ్నీది. అన్నయ్య దుకాణానిది. సిడ్నీలో పొద్దు గూకే వేళకు ఇక్కడ ఎందుకు గూకాలి? ఇది అంత దక్షిణాన ఉన్న దీవి, డిసెంబర్‌లో పగలు ఇక్కడ ఇంకా పొడుగు. ఏడో తరగతి భూగోళం.

పక్కకు తిరిగి ఆయన్ని చూశాను. ఒళ్ళో చేతులు పెట్టుకుని, దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నారు. ఖర్జూరం ముట్టలేదు. "మీ మాట నిజమే మేడం, తొమ్మిదైతది. ఇంక ముప్పావుగంట టైమున్నది" అన్నారు మెల్లగా.

ఆశ్చర్యపోలేదు ఆ మనిషి. నాకు కనిపించింది అది.

పిల్లకు నది ఒడ్డు చూపిస్తామని లేచాను. వీధి చివరే ఇసుక. ఇక్రా చెప్పులు విప్పి నీళ్ళలోకి పోయింది. మేమిద్దరం ఎండలో నిలబడ్డాం. అడిగాను, మీకెప్పటి నుంచి తెలుసని.

"మొదటి సంది తెలుసు. యూనివర్సిటీల మలేసియా పోరగాండ్లు నమాజ్ చేస్తరు, ఇక్కడి టైములు వాళ్ళే ఇచ్చిండ్రు. నువ్వు రాకముందు వాటి ప్రకారమే ఉంటి."

మరి రోజూ నా ఎదురుగా కూర్చుని తిన్నారేం అన్నాను.

ఆయన నీళ్ళలో ఆడుతున్న ఇక్రాను చూస్తూ చెప్పారు. నా వైపు చూడలేదు.

"వచ్చిన దినం నువ్వు నాతోని ఒక్క ముచ్చట మాట్లాడలే. ఎయిర్‌పోర్ట్‌ల లేదు, టాక్సీల లేదు. పళ్ళెం పెట్టి రండి అన్నవు. ఇంకా పొద్దు గూకలేదని ఎట్ల చెప్త? మల్ల లేచి లోపటికి పోతవని భయమైంది. రెండో దినం చెప్తే మొదటి దినంది సుత చెప్పాల్సొస్తది. ఇగ చెప్పరాలే. నువ్వు నా ఎదురుంగ కూసునేది ఆ ఒక్క వేళనే, హమీదా."

నేను తెలియక తిన్నాను. నాకు పడేది పోయిన ఉపవాసాలు మళ్ళీ ఉండటమే. ఈయన తెలిసి తిన్నాడు. బందరులో మాకు ఖురాన్ చెప్పిన ఉస్తానీ బెత్తం ఆడిస్తూ వల్లె వేయించిన మాట ఇది: రంజాన్‌లో ఉపవాసాన్ని తెలిసి తెలిసి చెడగొట్టుకున్నవాడు కఫారా కట్టాలి. మధ్యలో ఒక్క రోజు కూడా తప్పకుండా అరవై ఉపవాసాలు. తప్పితే మళ్ళీ ఒకటి నుంచి.

"అరవై పడతాయి మీకు" అన్నాను.

"తెలుసు" అన్నారు.

"మొదటి రోజే తెలుసా?"

"ఖర్జూరం చేతిల పట్టుకున్నప్పుడు తెలుసు."

పొద్దున్నపూట మాత్రం తప్పలేదు ఈ మనిషి. అప్పుడు నేను నిద్రలో ఉంటాను గనుక చీకట్లో లేచి, ఇక్కడి వేళకే తినేసేవాడు. నేనేమో తెల్లారాక తీరిగ్గా అన్నం తింటూ, నా చేతి వంట వద్దనుకున్నాడని ఈ పుస్తకంలోనే వెక్కిరించాను.

ఏడుపొచ్చింది. కోపంతోనే. అల్లా ఎదుట చేయాల్సిన పని నాకోసం చెడగొట్టమని ఎవరడిగారు? ఇంత తెలివితక్కువ మనిషిని నేనెక్కడా చూడలేదు. ఆ మాటే అన్నాను. అవునన్నారు. పదిహేనేళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పి, సూర్యుడు కొండచాటుకు పోతే అస్తమించాడనుకున్న పండితురాలిని నేను. మా బందరు చుట్టూ బల్లపరుపు నేల, అక్కడ సూర్యుడికి దాక్కునే చోటు లేదు. గురివింద గింజ సామెత బళ్ళో ఎన్నిసార్లు బోర్డు మీద రాశానో.

సూర్యుడు దిగేదాకా అక్కడే నిలబడ్డాం. చాలాసేపు పట్టింది. తర్వాత లోపలికి వెళ్ళి తిన్నాం. పులిహోరలో ఉప్పు తక్కువ. విద్యావతి గారు తన మాటకు మేం నొచ్చుకున్నామేమోనని పదిసార్లు అడిగారు.

31 డిసెంబర్, శుక్రవారం

కేలండర్ చింపేశాను. ఆయన రాత్రికి డ్యూటీ. మలేసియా పిల్లల వేళల కాయితం ఫ్రిజ్ మీద పెట్టి వెళ్ళారు. తొమ్మిది దాకా ఆగి, నేనూ ఇక్రా తిన్నాం. ఎదురుగా కుర్చీ ఖాళీ. మేం రాకముందు ఆరు నెలలూ ఈయన ఒక్కడే ఇలా తిన్నాడా?

1 జనవరి 2000, శనివారం

ఏమీ కాలేదు. లైట్లు వెలుగుతున్నాయి. కుళాయిలో నీళ్ళొస్తున్నాయి. ఫోన్ కూడా మోగింది, విద్యావతి గారు.

2 జనవరి, ఆదివారం

పక్కింటి పెద్దాయన గోడ మీద నుంచి పలకరించి, ఇంత గోల చేశారు, కోట్లు తిన్నారు, చివరికి ఏమీ జరగలేదు చూశావా, మీ కంప్యూటర్ వాళ్ళంతా మోసగాళ్ళు అని నవ్వాడు. టీవీలోనూ అదే నవ్వు. పత్రికలోనూ అదే. కాసినోలో కేకు కోసి, మిక్‌కు చేయి కలిపి, ఇక పని లేదు వెళ్ళిరమ్మన్నారట. ఆయన ఆ కేకు ముక్క ఉపవాసం గనుక తినకుండా ఇక్రా కోసం కాయితంలో చుట్టి తెచ్చారు.

నాకు ఒళ్ళు మండింది. ఏమీ జరగకపోవడమే కదయ్యా ఆయన చేసిన పని! జరిగి ఉంటే తెలిసేది మీకు. ఆరు నెలలు కిటికీ లేని గదిలో కళ్ళు పొడుచుకుని దిద్దితే, ఏమీ కాలేదని వెక్కిరిస్తారా? పక్కింటాయనతో ఇదంతా అనలేకపోయాను, నా ఇంగ్లీషు అంత దూరం రాదు. గోడ మీద ఆరేసిన బట్టలు విసురుగా లాగాను. ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి చూశారు. నవ్వినట్టే ఉంది. నన్ను చూసి నవ్వితే ఊరుకోనని ఈయనకు తెలియదా? ఊరుకున్నాను.

3 జనవరి, సోమవారం

పొద్దున్నే అన్నయ్య ఫోన్. పండగ చేసుకుంటున్న గొంతు. పాపం దానంతటదే వదిలింది, ముఖ్తార్‌కు కూడా టిక్కెట్టు దొరుకుతుంది, దుకాణంలో కౌంటర్ దగ్గర కూర్చోబెడతాను, నాలుగు మాటలు పడితే బుద్ధొస్తుంది, అన్నాడు. ఆ నాలుగు మాటలు ఎవరెవరు అంటారో నాకు కళ్ళకు కట్టింది. మినప్పప్పుకు వచ్చేవాళ్ళందరూ అంటారు. అందరికన్నా ముందు అన్నయ్య అంటాడు. రెండు వారాల కిందటైతే ఆ వరసలో నేనూ ఉండేదాన్ని.

ఆయన గదిలోనే ఉన్నారు. ఇక్రా బూట్లకు తాళ్ళు కడుతున్నారు. మూడో తేదీ అని ఆయనకీ తెలుసు. వస్తాననలేదు, ఉండమనలేదు. కట్టిన తాడే మళ్ళీ విప్పి కడుతున్నారు.

మేం రావడం లేదు అన్నాను ఫోన్లో.

అన్నయ్య అరిచాడు. అరవనిచ్చి, ఉపవాసాల సంగతి చెప్పాను. మీ సిడ్నీ కేలండర్ చూసి నేను తప్పు వేళకు వడ్డించాను, ఇద్దరం తెలియక తిన్నాం, తిరిగి ఉండాలి. ఇక్కడ జూన్‌లో పొద్దు ఏడున్నర దాటాక గానీ రాదట, ఐదు కాకుండానే గూకుతుందట. చలికాలం దాకా ఆగితే ఉపవాసాలు తేలిగ్గా తీరతాయి, అన్నాను. ఇద్దరం తెలియక అనే చెప్పాను. అబద్ధం ఆడి ఉంటే దానికి పడేది నేను పడతాను. అరవై సంగతి ఎత్తలేదు, అది వాళ్ళకెందుకు.

జూన్ దాకా ఏం తింటారని అడిగాడు అన్నయ్య. పని వెతుక్కుంటారు, అందాకా నువ్విచ్చిన బియ్యం ఉన్నాయి అన్నాను. పోనీ వాణ్ణి ఉండనీ, వాడి ఉపవాసాలు వాడు తీర్చుకుని వస్తాడు, నువ్వూ పిల్లా ఇవాళే విమానం ఎక్కండి, నీకక్కడ పనేముంది, అన్నాడు.

గదిలో బూటు తాడు కట్టే చప్పుడు ఆగిపోయింది.

"ఆయనకు వేళలు చూసుకోవడం రాదన్నయ్యా, పక్కన ఎవరో ఒకరు ఉండాలి" అన్నాను.